"మీ గురించి చెప్పండి" అంటే రాజోలి పిల్లలు ఏం చెప్పాలి?

ఉద్యోగానికి ఏ కంపెనీకి వెళ్లినా, అది చిన్నదైనా పెద్దదైనా, మొట్టమొదట వినిపించే మాట ఒకటే: "మీ గురించి చెప్పండి." దానికి మా వైపు పిల్లలు చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చేసింది. పేరు, తండ్రి పేరు, ఊరు, కాలేజీ, మార్కుల శాతం, పాటలు వినడం హాబీ. అర నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక చేతులు నలుపుకుంటూ కూర్చుంటారు. అడిగినవారికి ఆ పిల్లల గురించి బయోడేటాలో లేని విషయం ఒక్కటీ తెలియదు.

నేను రాజోలిలో నేత కుటుంబంలో పుట్టాను. హైదరాబాద్‌లో కంపెనీలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పండగలకు ఊరికి వస్తే డిగ్రీ, బీటెక్, ఐటీఐ చదివిన పిల్లలు ఇంటికి వస్తారు. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కంపెనీలో అడిగినట్టే ప్రశ్నలు అడుగుతాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. మన పిల్లలకు చేసిన పని బోలెడు ఉంటుంది. మగ్గం, సేద్యం, దుకాణం, ఇంటి లెక్కలు, ఊరి పనులు అన్నీ చేసే ఉంటారు. కానీ అవేవీ పనే కావని అనుకుంటారు. అనుకుని, గదిలోకి వెళ్లే ముందే వాటిని గడప అవతల వదిలేస్తారు. ఇంటర్వ్యూలో వెనకబడేది అక్కడే.

మా ఊరు తెలియనివారి కోసం రెండు మాటలు. జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉంటుంది రాజోలి. పాత కోట ఉంది, కోటలో గుడి ఉంది, ఊరి నిండా మగ్గాలున్నాయి. గద్వాల చీర అని పేరుపడ్డ చీరల్లో చాలా వాటిని నేసేది మా ఊరివాళ్లే. 2009 అక్టోబరు వరదలో నది ఊరి మీదికి వచ్చింది. ఇళ్లు కూలాయి, మగ్గాల గుంటలు బురదతో పూడిపోయాయి. ఆ రోజు బడి పిల్లలుగా ఉన్నవాళ్లే ఈ రోజు ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్నారు.

మగ్గం లెక్క రాసే అమ్మాయి

బీకాం పూర్తిచేసిన ఒక అమ్మాయి ఒకసారి నా దగ్గరికి వచ్చింది. కర్నూలులో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి పిలుపు వచ్చిందట. ఇంగ్లీషులో రాసుకున్న జవాబు గడగడా అప్పజెప్పింది. అయ్యాక అడిగాను.

"ఇంటికాడ ఏం చేస్తున్నవమ్మా?"

"ఏం లేదక్కా, ఖాళీగనే ఉన్న."

"మీ నాయన మగ్గం నేస్తడు గదా. దాని లెక్కలు ఎవరు చూస్తరు?"

"నేనే రాస్తనక్కా. అది పనేంది, ఇంటి సంగతే గదా!"

ఆ పుస్తకం తెమ్మన్నాను. మామూలు గీతల నోటుబుక్కు. సావుకారి పట్టు, నూలు, జరీ ఇచ్చిన తేదీ, వాటి తూకం ఒక వైపు. మగ్గం దిగిన చీర తూకం, దాని కూలి, ముందుగా తీసుకున్న అడ్వాన్సు, మిగిలిన బాకీ ఇంకో వైపు. నెలాఖరున ఎర్ర పెన్నుతో మొత్తం. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఒక అంచుకు ఒక నాడె, ఒంటికి ఒకటి, రెండో అంచుకు ఇంకొకటి, మూడు నాడెలు ఆడాలి. ఏ సరుకు ఎంత పట్టిందో వేరువేరుగా చూసుకోకపోతే లెక్క తేలదు. ఆ అమ్మాయి ఇంటర్ చదివే రోజుల నుంచీ ఆ లెక్క తేలుస్తోంది. ఒక పేజీలో ఒక అడ్వాన్సు చుట్టూ గుండ్రంగా గీసి ఉంది. ఏమిటని అడిగితే, అది సావుకారి ఖాతాలో రెండుసార్లు పడిందనీ, తేదీలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయన కొట్టేశాడనీ చెప్పింది.

ఇద్దరం కూర్చుని జవాబు మళ్లీ రాశాం. ముందు తెలుగులో, తర్వాత ఆ అమ్మాయి పలకగలిగిన చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో. తెలుగులో ఇలా వచ్చింది:

"నేను బీకాం చదివాను. మా ఇంట్లో గద్వాల చీరలు నేసే మగ్గం ఉంది. ఇంటర్ నుంచి దాని లెక్కలు నేనే రాస్తున్నాను. సరుకు ఎంత వచ్చింది, చీరగా ఎంత వెళ్లింది, కూలి ఎంత, బాకీ ఎంత అన్నది నెలకోసారి సరిచూస్తాను. ఒకసారి ఒక అడ్వాన్సు మా పేరు మీద రెండుసార్లు పడింది. తేదీలతో చూపిస్తే సరిచేశారు. తేడా ఎక్కడ వచ్చిందో వెతికి పట్టుకోవడం నాకు ఇష్టం. మీ దగ్గర స్టాకు లెక్కలు చూసే పని ఉందని తెలిసి వచ్చాను. ట్యాలీ నేర్చుకున్నాను. జీఎస్టీ రిటర్నులు ఇంతవరకు వేయలేదు, నేర్చుకుంటాను."

ఇందులో గొప్పలు లేవు, అబద్ధం లేదు. రాని పనిని రాదని చెప్పింది. వచ్చిన పనికి రుజువు చూపించింది. ఆ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లమన్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు కర్నూలులోనే అకౌంట్స్ పని చేస్తోంది.

ఇంకో అబ్బాయి సంగతి చెబుతాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాడు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఉన్న మందుల కంపెనీల్లో ఒకదానికి వాకిన్‌కు వెళ్లాలి. అనుభవం ఏమీ లేదన్నాడు. కానీ వాళ్లది సీడ్ పత్తి పండించే ఇల్లు. సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గలు విప్పి పుప్పొడి భాగం తీసేయాలి. ఏ మొగ్గ విప్పారో తెలిసేలా గుర్తు పెట్టాలి. తెల్లారి మగ వరుసల పూలు తెచ్చి వాటికి పుప్పొడి అద్దాలి. పొద్దెక్కేదాకా ఆలస్యం చేస్తే కాయ సరిగా పట్టదు. ఒక మొగ్గ వదిలేస్తే విత్తనం స్వచ్ఛత దెబ్బతింటుంది, పరీక్షలో తేలితే ఆ సరుకు తీసుకోరు. మందుల కంపెనీలో ఉత్పత్తి విభాగం కోరేదీ ఈ గుణాలనే: చెప్పిన వరుసలో, చెప్పిన వేళకు, ఒకదానితో ఒకటి కలవకుండా చేయడం, చేసింది రాసిపెట్టడం. కాలేజీ సెలవుల్లో కూలీలను పెట్టి ఆ చేను చూసుకున్న కుర్రాడికి ఈ సంగతి చెప్పుకునే హక్కు ఉంది. బడి మానిపించి చిన్న పిల్లల్ని ఆ చేలలోకి పంపడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎదిగిన పిల్లలు చేసిన పనిని దాచుకోవద్దనే నేను చెప్పేది.

కంపెనీలు ఎందుకు అలా తరచి అడుగుతాయి

"మీరు కష్టపడి పనిచేస్తారా?" అని అడిగితే కాదనేవాళ్లు ఉండరు. అందుకే నేర్పున్నవారు అలా అడగరు. "పని మధ్యలో చిక్కు వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి, అప్పుడు మీరేం చేశారు?" అని అడుగుతారు. మనిషి నిన్న ఎలా పనిచేశాడో తెలిస్తే రేపు ఎలా చేస్తాడో కొంత అంచనా దొరుకుతుందన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

దీని మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూశారు. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే అనుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కంటే మనిషి పనితనాన్ని బాగా అంచనా వేస్తుందని తేల్చారు. 2022లో పాల్ శాకెట్ బృందం ఆ లెక్కలను మళ్లీ సరిచూసింది. ఎంపిక పద్ధతులన్నిటిలో ఇలాంటి క్రమబద్ధమైన ఇంటర్వ్యూనే ముందు నిలిచింది. పెద్ద కంపెనీలు ఈ దారి పట్టడానికి కారణం ఇదే.

పల్లె పిల్లలకు ఇది మేలు చేసే పద్ధతి. మాటల గారడీకి అక్కడ మార్కులు తక్కువ, జరిగిన సంగతికి మార్కులు ఎక్కువ. జవాబు చెప్పే తీరు కూడా సులువే. నాలుగు మెట్లు గుర్తుంచుకోండి: సందర్భం ఏమిటి, అందులో నా బాధ్యత ఏమిటి, నేను ఏం చేశాను, ఏం ఫలితం వచ్చింది. మూడో మెట్టు మీద ఎక్కువసేపు నిలబడండి. "మేము చేశాం" అనకుండా "నేను చేసింది ఇది" అని విడదీసి చెప్పండి. మన ఇళ్లల్లో "నేను" అనడం పొగరని పెంచుతారు. ఇంటర్వ్యూ గదిలో అది పొగరు కాదు, అవతలివారికి కావలసిన సమాచారం.

ఇంటర్వ్యూకు ముందు ఇలాంటి సంగతులు అయిదారు కాగితం మీద రాసుకోండి. ఒక చిక్కు విడదీసింది. ఒక పని నేర్చుకున్నది. నలుగురితో కలిసి చేసింది. మాట పడి కూడా ఓర్చుకున్నది. అనుకున్నది జరగక దారి మార్చుకున్నది. వీటిని రకరకాల ప్రశ్నలకు వాడుకోవచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: జరగనిది కల్పించకండి. అనుభవం ఉన్నవారు మూడో ప్రశ్నకల్లా పట్టేస్తారు. ఏ నెలలో, ఎవరితో, ఎంత సరుకు అని అడిగితే కల్పన నిలవదు. చేసినవాడు మాత్రం తడుముకోకుండా చెబుతాడు.

ఏ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది

చాలామంది పిల్లలకు ఇది తెలియక అనవసరంగా భయపడతారు. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి ఉద్యోగాలకు, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో రద్దుచేశారు. కాబట్టి "ఇంటర్వ్యూలో మార్కులు వేయిస్తా, ఖర్చవుతుంది" అని ఎవడైనా మీ నాయన దగ్గరికి వస్తే, లేని ఇంటర్వ్యూను అమ్ముతున్నాడని గుర్తుపట్టండి.

బ్యాంకుల్లో క్లర్కులకు ఇంటర్వ్యూ లేదు, ప్రొబేషనరీ ఆఫీసర్లకు ఉంది. ఐబీపీఎస్ పీవో ఎంపికలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున లెక్కలోకి తీసుకుంటారు. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులకు ఇంటర్వ్యూ 275. ప్రైవేటు బడుల్లో డెమో క్లాస్ ఉంటుంది, అదీ ఇంటర్వ్యూనే. ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, షోరూములు, ఫైనాన్స్ కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థలన్నింట్లో ఇంటర్వ్యూ తప్పదు.

డెమో క్లాస్‌కు వెళ్లే అమ్మాయిలకు ఒక మాట. పెద్ద పాఠం ఎత్తుకోకండి. పది నిమిషాల్లో పూర్తయ్యే చిన్న భాగం తీసుకోండి. ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి, బోర్డు మీద ఒక బొమ్మ గీయండి, చివర పిల్లలతో ఒక లెక్క చేయించండి. పాఠం మీకు ఎంత వచ్చో తెలుసుకోవాలంటే మీ మార్కుల మెమో చాలు. పిల్లాడికి అర్థం కాలేదని మీరు ఎప్పుడు గమనిస్తారో, గమనించాక ఏం చేస్తారో అన్నదే అక్కడ చూస్తారు.

మీ ఊరు మీకు తెలియాలి

సొంత జిల్లా గురించి అడిగితే తెల్లముఖం వేసే పిల్లలు నాకు చాలామంది ఎదురయ్యారు. సివిల్స్ బోర్డు అభ్యర్థి నింపిన వివరాల ఫారం ముందు పెట్టుకునే ప్రశ్నలు వేస్తుంది. ప్రైవేటు కంపెనీల్లోనూ మాట కలపడానికి ఊరి సంగతే అడుగుతారు. మా జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అలంపూర్‌లో జోగులాంబ శక్తిపీఠం, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు ఉన్నాయి. కృష్ణ మీద జూరాల ఉంది. రాజోలిబండ మళ్లింపు పథకం కింద మన వైపు 87,500 ఎకరాల ఆయకట్టు, 15.9 టీఎంసీల వాటా. రాజోలి అనగానే రాజోలిబండ అనుకునేవాళ్లు చాలామంది. ఆ ఆనకట్ట కర్ణాటకలో రాయచూరు జిల్లాలో ఉంది, మా ఊరు వేరు అని చెప్పి, కాలువ చివరి భూములకు నీళ్లందని గోడు రెండు వాక్యాల్లో వివరించగలిగితే, ఈ పిల్లకు తన చుట్టూ ఉన్న లోకం తెలుసని ఎదుటివారికి అర్థమవుతుంది.

కంపెనీ గురించి కూడా అంతే. అది ఏం తయారుచేస్తుంది, ఎవరికి అమ్ముతుంది, మీరు వెళ్లే పని ఆ మొత్తంలో ఎక్కడ ఉంటుంది అన్న మూడింటికి జవాబులు ముందే తెలుసుకోండి. కంపెనీ వెబ్‌సైటు, ఉద్యోగ ప్రకటన చదివితే చాలావరకు తెలుస్తాయి. ఆ కంపెనీలో పనిచేసే మన వైపు మనిషి ఎవరైనా ఉంటే ఫోన్ చేసి అడగండి. సిఫారసు కోసం కాదు, రోజూ అక్కడ పని ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి.

ఇంగ్లీషు అంటే భయం

పిల్లలు అందరికంటే ఎక్కువ భయపడేది దీనికే. శ్రీకాకుళం జిల్లా పలాస మండలం పారసంబలో రైతు కుటుంబంలో పుట్టిన రోణంకి గోపాలకృష్ణ సర్కారు బడిలో టీచరుగా పనిచేస్తూ చదివారు. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, ఇంటర్వ్యూ కూడా అనువాదకుడి సాయంతో తెలుగులోనే ఇచ్చి, సివిల్స్ 2016 పరీక్షలో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. తర్వాత మన పాలమూరు వైపు నుంచే, అడ్డాకల్ మండలం పొన్నకల్‌కు చెందిన దోనూరు అనన్యరెడ్డి సివిల్స్ 2023లో అదే మూడో ర్యాంకు సాధించింది. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో చదివి అక్కడికి చేరినవారు. ఇద్దరినీ నిలబెట్టింది విషయం మీద పట్టు.

అయితే యూపీఎస్సీ ఇచ్చే అనువాదకుడిని కంపెనీ ఇవ్వదు. అది మన పిల్లలు ఒప్పుకోవాలి. కస్టమర్లతో మాట్లాడే పనికి, మెయిళ్లు రాసే పనికి ఇంగ్లీషు కావాలి, నేర్చుకుని తీరాలి. నేర్చుకునే దారి వ్యాకరణం పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలవ్వనక్కర్లేదు. మీరు రాసుకున్న ఆ అయిదారు సంగతులనే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టండి. ఏడెనిమిది మాటల వాక్యాలు చాలు. ఫోన్‌లో రికార్డు చేసుకుని మీరే వినండి. ఎక్కడ ఆగిపోతున్నారో మీ చెవికే తెలుస్తుంది. ఫ్యాక్టరీలో ఆపరేటర్, స్టోర్ కీపర్, నర్సింగ్ సహాయకుల వంటి పనులకు వెళ్లినప్పుడు మధ్యలో మాట అందకపోతే "సార్, ఇది తెలుగులో చెప్పవచ్చా?" అని మర్యాదగా అడగండి. తెలంగాణలో ఇంటర్వ్యూ చేసేవారిలో చాలామంది సరేనంటారు. నోరు మూసుకుని కూర్చోవడం కంటే అది ఎంతో మేలు.

బయల్దేరే ముందు

మా ఊరిది వరదలో ఇళ్లతో పాటు కాగితాలూ పోగొట్టుకున్న అనుభవం. అందుకే సర్టిఫికెట్ల విషయంలో నేను కఠినంగా ఉంటాను. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా అసళ్లు ఒక ఫైలులో, రెండేసి జెరాక్సు సెట్లు ఇంకో ఫైలులో, ఫోటోలు, ఆధార్, పాన్. దొరికినవన్నీ డిజిలాకర్‌లో కూడా పెట్టుకోండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం కూడా తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి, చేరే రోజున ఇబ్బంది పడే పిల్లలు ఎందరో. పుట్టిన తేదీ కూడా సరిచూడండి. బయోడేటా ఒక్క పేజీ దాటనివ్వకండి. ఇంటర్నెట్ సెంటర్‌లో వేరేవాళ్లది తీసి పేరు మార్చి ఇచ్చే బయోడేటా వద్దు. అందులో రాసిన ప్రతి మాటకూ మీరు జవాబు చెప్పాల్సి ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉదయం పది గంటలకు ఇంటర్వ్యూ ఉంటే రాత్రి బస్సెక్కి, నిద్రమొహంతో నేరుగా అక్కడికి వెళ్లకండి. వీలైతే ముందు రోజే చేరి, చుట్టాలింట్లోనో స్నేహితుల గదిలోనో పడుకోండి. ఆ సాయంత్రమే ఒకసారి ఆఫీసు ఎక్కడుందో చూసి రండి. బట్టలు కొత్తవి కొననక్కర్లేదు. ఉతికి ఇస్త్రీ చేసినవి, ఒంటికి సరిపోయేవి అయితే చాలు. ఫోన్‌లో, వీడియోలో ఇంటర్వ్యూ ఉంటే ఊళ్లో సిగ్నల్ బాగా అందే చోటు ముందే చూసి పెట్టుకోండి. మగ్గం చప్పుడు వినిపించని గది, ముఖం మీద పడే వెలుతురు, నిండా చార్జింగ్ ఉన్న ఫోన్ ఉంటే సగం కంగారు తగ్గుతుంది.

గదిలోకి వెళ్లాక ప్రశ్న పూర్తయ్యేదాకా వినండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. తెలియనిది తెలియదని చెప్పండి, చెప్పి ఆగిపోకుండా ఎలా తెలుసుకుంటారో ఒక్క మాటలో చెప్పండి. చివర "మీరేమైనా అడుగుతారా?" అంటే "ఏమీ లేదు సార్" అనకండి. మొదటి ఆరు నెలలు నేను ఏం నేర్చుకోవాలి, షిఫ్టులు ఎలా ఉంటాయి, నా పనిని ఎవరు చూస్తారు అని అడగడం మీ హక్కు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా

"పెళ్లెప్పుడు? పెళ్లయ్యాక మానేస్తావా?" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. గదిలో వాదన పెట్టుకోలేరు గనుక, "సార్, నేను ఈ పని చేయాలనే నిర్ణయించుకుని వచ్చాను. నా ఇంటి విషయాలు పనికి అడ్డం రావు" అని చెప్పి మాటను పని మీదికి తిప్పండి. చేరేముందు హాస్టల్, రాత్రి షిఫ్టు, రాకపోకల బండి గురించి స్పష్టంగా అడగండి. అలా అడిగినందుకు ముఖం చిట్లించే చోట మీరు చేరకపోవడమే మంచిది.

జీతం మాట, మోసాల మాట

ఏడాదికి రెండు లక్షల నలభై వేలు సీటీసీ అంటే నెలకు ఇరవై వేలు చేతికొస్తుందని ఇంట్లో సంబరపడతారు. సీటీసీ అంటే మీ కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ పది వేలైతే మీ పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 1,200 మీ జీతంలో నుంచి పోతుంది. చాలా కంపెనీలు తాము కట్టే ఇంకో 1,200నూ, గ్రాట్యుటీనీ కూడా ఆ ఇరవై వేలలోనే లెక్కవేస్తాయి. నెల జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐకి మీ వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. వృత్తి పన్ను వేరు. అన్నీ పోను చేతికి వచ్చేది పదహారు, పదిహేడు వేల మధ్య ఉండవచ్చు. పీఎఫ్ మన పొదుపే, ఈఎస్ఐ మన వైద్యమే, అవి నష్టం కావు. కానీ గది అద్దె కట్టేది చేతికొచ్చే డబ్బుతో కాబట్టి, "చేతికి ఎంత వస్తుంది?" అని అడగడానికి మొహమాటపడకండి.

ఇక మోసాలు. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ డిపాజిట్, యూనిఫాం, లాప్‌టాప్ సెక్యూరిటీ, పేరు ఏదైనా సరే, చేరకముందే డబ్బు పంపమంటే అది మోసం. వాట్సాప్‌లోనే ఇంటర్వ్యూ, వాట్సాప్‌లోనే ఆఫర్ లెటర్ వస్తే, కంపెనీ అసలు ఫోన్ నంబరు వెతికి కనుక్కోండి. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. నిజంగా పని నేర్చుకోవాలని ఉండి, డబ్బు కట్టే స్తోమత లేనివాళ్లు ఎంపీడీవో ఆఫీసులోనో మహిళా సమాఖ్యలోనో ఉచిత శిక్షణ గురించి అడగండి. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువతకు ఉచితంగా పని నేర్పి ఉద్యోగం చూపించడానికి పెట్టిన పథకం.

రాకపోతే

ఒక్క ఇంటర్వ్యూతో ఉద్యోగం రావడం అరుదు. బయటికి రాగానే బస్సులో కూర్చుని, అడిగిన ప్రశ్నలన్నీ, మీరు చెప్పిన జవాబులు గుర్తున్నంతవరకు రాసుకోండి. తడబడ్డ వాటి పక్కన గుర్తు పెట్టండి. మళ్లీ వెళ్లేలోపు వాటిని సరిచేసుకోండి. ఎంపిక కాకపోవడానికి మీ తప్పే కారణం కానక్కర్లేదు. ఖాళీలు తక్కువ ఉండవచ్చు, వాళ్లకు అనుభవం ఉన్నవాళ్లే కావాల్సి ఉండవచ్చు. ఊళ్లో నలుగురూ అడుగుతారని ఇంటర్వ్యూలకు వెళ్లడం మానుకోకండి.

చివరగా పెద్దవాళ్లకు నా మనవి. అమ్మానాన్నలారా, కొడుకో కూతురో మగ్గం దగ్గర, చేను దగ్గర చేసిన పనిని "ఖాళీగా ఉన్నారు" అని నలుగురిలో అనకండి. ఆ మాట వాళ్ల నోటికి వచ్చి, ఇంటర్వ్యూ గదిలో వాళ్లకే అడ్డం తిరుగుతోంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల అధ్యాపకులారా, చివరి ఏడాది ప్రతి పిల్లాడినీ ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని అరగంట ప్రశ్నలు అడగండి. మన ఊళ్ల నుంచి వెళ్లి బెంగళూరులో, హైదరాబాద్‌లో, అమెరికాలో స్థిరపడ్డ అన్నలారా, అక్కలారా, పండక్కి వచ్చినప్పుడు గుడికి చందా రాసినట్టే, ఒక పూట పిల్లల కోసం రాయండి. నేరుగా ఉద్యోగం ఇప్పించలేకపోయినా ఫరవాలేదు. "నువ్వేం చేశావో చెప్పు" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఓపిగ్గా వినండి. దానికి ఖర్చేమీ లేదు, ఈ సంక్రాంతి నుంచే మొదలుపెట్టవచ్చు.